మా వ్యాపారానికి చెప్పుకునేంత కథ లేదు, కాస్త కల్పించొచ్చా?

జమాఖర్చు:
చిన్న వ్యాపారాలకు అకౌంట్స్ రాసిపెట్టే సర్వీసు నాది. మార్కెటింగ్ గురించి ఎవరిని అడిగినా "నీ కథ చెప్పు" అంటున్నారు. నేనేమీ అప్పులపాలై లేచినవాణ్ణి కాదు, ఉద్యోగం బోర్ కొట్టి మానేసి ఇది పెట్టాను, అంతే. వెబ్‌సైట్‌లో "మా గురించి" పేజీ ఖాళీగా ఉంది. ఉన్నదానికి కొంచెం ఉప్పూకారం జోడిస్తే తప్పా? అందరూ చేసేదేగా.

పాతకాపు:
చేస్తారు, దొరికిపోతారు కూడా. ఆన్‌లైన్ వేలంపాటల సైట్ ఈబే పెట్టిన పియరీ ఒమిడ్యార్, కాబోయే భార్య పెజ్ డిస్పెన్సర్లు (మిఠాయి బిళ్లలు ఒక్కొక్కటే బయటికొచ్చే బొమ్మ డబ్బాలు, సరదాగా సేకరిస్తారు) మార్చుకోవడానికే ఆ సైట్ మొదలుపెట్టాడని పత్రికలన్నీ రాశాయి. అది 1997లో వాళ్ల పీఆర్ ఉద్యోగి అల్లిన కథ అని 2002లో బయటపడింది. ఈబేకి ఏమీ కాలేదనుకోండి, అప్పటికే పెద్ద కంపెనీ. కానీ లెక్కలు రాసే మనిషి తన కథలోనే లేనిది కలిపాడని తెలిస్తే మీ చేతికి పుస్తకాలు ఎవరిస్తారు?

గళ్లనుడికట్టు:
ఏమనుకోకండి, అసలు మీ కథ ఎవరిక్కావాలి? క్లయింట్ల కథలు అడగండి. "మా సర్వీసు ఎలా ఉంది" అంటే "బాగుందండి" అని ఊరుకుంటారు. "మాకు ఫోన్ చేసిన రోజు ఏం జరిగింది?" అనండి, అప్పుడొస్తుంది అసలు సరుకు: పన్ను నోటీసు వచ్చిందనో, లోన్ కోసం బ్యాంకు బ్యాలెన్స్ షీట్ అడిగిందనో, పార్ట్‌నర్‌తో గొడవైందనో. దాన్ని వాళ్ల మాటల్లోనే రాయండి. ఇంతమంది క్లయింట్లు అని అంకెలు గుప్పించినా పెద్దగా అంటదు. స్మాల్, లోవెన్‌స్టీన్, స్లోవిక్ 2007లో ప్రచురించిన పరిశోధనలో ఆకలితో ఉన్న ఒక్క పాప గురించి చెప్తే జనం ఎక్కువ విరాళం ఇచ్చారు, లక్షల మంది లెక్కలు చెప్తే తక్కువ ఇచ్చారు, రెండూ కలిపి చెప్పినా పాప ఒక్కదానికి వచ్చినంత రాలేదు. విరాళాల్లో తేలింది అమ్మకాలకు అచ్చంగా అలాగే పనిచేస్తుందని అనను గానీ, దారి మాత్రం అదే.

జమాఖర్చు:
క్లయింట్ల వివరాలు బయటపెడితే నా పని అయిపోతుంది కదా!

గళ్లనుడికట్టు:
అంకెలు అస్సలు వద్దు. పేరు తీసేసినంత మాత్రాన చాలదు, ఏ వ్యాపారమో చెప్తే తెలిసినవాళ్లు పట్టేస్తారు. రాసింది వాళ్లకు చూపించి, సరే అన్నాకే పెట్టండి. ఇద్దరి సంగతులు కలిపి ఒకరిగా మాత్రం రాయొద్దు, మళ్లీ కల్పనే అవుతుంది.

ఎర్రపెన్ను:
కథల గోలలో పడి ఏ పనులు చేస్తారు, ఫీజెంత, ఎన్ని రోజులు పడుతుంది అన్నవి అడుక్కి తోసేయకండి, అవి పేజీలో పైనే ఉండాలి. నోటీసు చేతిలో పట్టుకుని టెన్షన్‌తో వెతికేవాడు మీ పరిచయ పేరాలు చదవడు. అన్నట్టు ఆ ఉద్యోగంలో బోర్ కొట్టిందేమిటి?

జమాఖర్చు:
ప్రతి నెలా రిపోర్టులు తయారుచేసేవాణ్ణి, ఒక్కరూ తెరిచి చూసేవారు కాదు. ఇక్కడ ఓనర్ పక్కనే కూర్చుని డబ్బు ఎక్కడ పోతోందో అడుగుతాడు.

ఎర్రపెన్ను:
"మా గురించి"లో ఈ రెండు వాక్యాలే పెట్టేయండి.