సలాడ్ గరిటెల జత: ఇంత వంపుకి మెడ ఆగుతుందా?

చిత్రికపొట్టు:
సలాడ్ వడ్డించే జత ఒకటి చేద్దామని కూర్చున్నా. ఒకటి గరిటె, ఇంకోటి మూడు పళ్ల ఫోర్క్. పొడవు 30 సెం.మీ., తల వెడల్పు 6 సెం.మీ. చేతిలో ఉన్నది 30 మి.మీ. మందం వాల్‌నట్ పలక. రంపం, గుండ్రటి ఉలి, ఆకురాళ్లు ఉన్నాయి, మిషన్ అంటే డ్రిల్ ఒక్కటే. పక్క నుంచి చూస్తే తల బాగా కిందికి దిగినట్టు ఉండాలని నా కోరిక. కానీ తిన్నటి పలకలోంచి అంత వంపు కోస్తే, తలా పిడీ కలిసే మెడ పుటుక్కుమంటుందేమో! పని ఎటు నుంచి మొదలుపెట్టాలి? చివర్లో వార్నిష్ కొట్టేస్తే సరిపోతుందా?

బాడిస:
మీ భయం సరైనదే. చెక్క బలమంతా నార పొడవునా ఉంటుంది. తిన్నటి పలకలో వంపు కోశారంటే మెడ దగ్గర నారలు తెగి, పొట్టి ముక్కలుగా మిగులుతాయి. ఆకులు తేలికే కావచ్చు, గిన్నె అడుగు నుంచి తిప్పి లేపేటప్పుడు భారం పడేది మాత్రం సరిగ్గా అక్కడే.

మెడ 12 మి.మీ. మందం ఉంచండి. అప్పుడు మీ పలకలో వంపుకి 18 మి.మీ. మిగులుతుంది, అంతకు మించి ఆశపడకండి. సన్నగా కనబడాలంటే వెడల్పు తగ్గించండి, మందం జోలికి పోవద్దు. మందం సగం చేస్తే బలం నాలుగో వంతుకి పడిపోతుంది, వెడల్పు సగం చేస్తే సగమే పోతుంది.

ముందు పైవంపు మాత్రం కోయండి. అడుగు చదునుగానే ఉండనివ్వండి, లేకపోతే క్లాంప్ పట్టదు. అందరూ ముందే అడుగు గుండ్రంగా చెక్కేసి, తర్వాత ఒళ్లో పెట్టుకుని ఉలితో కుస్తీ పడతారు. చేతులు తెగేది అలాగే. చదునుగా బిగించి ఉన్నప్పుడే గుంట తీయండి: నారకి అడ్డంగా, అంచుల నుంచి మధ్యకి, 8 మి.మీ. లోతు. కింద 4 మి.మీ. మిగిలితే చాలు.

ఫోర్క్‌కి కూడా ఇదే వరస. వెనక పలచన చేయకముందే పళ్ల సందుల మొదట్లో 5 మి.మీ. బెజ్జాలు వేసి, కొసల నుంచి వాటి దాకా రంపంతో కోయండి. గుండ్రటి బెజ్జం ఉంటే అక్కణ్ణుంచి పగులు పాకడం తక్కువ. డ్రిల్ కింద ఒక పనికిరాని చెక్క పెట్టడం మరవకండి.

పచ్చికొమ్మ:
వంపు మీద మోజు అంతగా ఉంటే పలక వదిలేసి సహజంగా వంగిన కొమ్మ వెతుక్కోండి. నారే వంపు తిరిగి ఉంటుంది కాబట్టి మెడ సన్నం చేసినా ఆగుతుంది. కొమ్మ నడిమి బెండు మాత్రం గరిటెలోకి రానివ్వకండి, ఆరేటప్పుడు పగుళ్లు మొదలయ్యేది దాని దగ్గరే.

నూనెగుడ్డ:
వార్నిష్ వద్దండీ. గిన్నె అంచుకి తగిలి ఎక్కడో పొర లేస్తుంది, అందులోంచి నీళ్లు దూరుతాయి. ఇక మళ్లీ మొత్తం గీకాల్సిందే.

120, 180, 220 నంబర్ల గరుకు కాగితాలతో వరసగా రుద్దాక తడిగుడ్డతో ఒకసారి తుడవండి. ఆరాక నూగు లేస్తుంది, దాన్ని 320తో తీసేయండి. ఇది ఇప్పుడే చేయకపోతే మొదటిసారి కడిగినప్పుడు గరుకు తేలుతుంది.

తేలికైనది తినదగ్గ రకం మినరల్ ఆయిల్. అది ఆరి గట్టిపడదు, అందుకే మధ్యమధ్యలో మళ్లీ పూయాలి. అసలైన టంగ్ ఆయిల్ (టంగ్ చెట్టు గింజల నూనె) గట్టిపడుతుంది గానీ వారాలు పడుతుంది. మామూలు వంటనూనెలు కంపు కొడతాయి. టంగ్ ఆయిల్ గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. బయట పరిచి ఆరబెట్టండి.

చిత్రికపొట్టు:
బాడిస గారూ, గీసుకున్న బొమ్మ 18 మి.మీ. వంపుకి మార్చేశా. కొమ్మ సంగతి ఇంకోసారి చూస్తా. పళ్ల సందుల్లో కాగితం ఎలా పెట్టి రుద్దాలి? వేలు దూరదు.

బాడిస:
ఐస్‌క్రీం పుల్లకి అంటించి రుద్దండి. బెజ్జం గుండ్రం దగ్గరకి వచ్చేసరికి కాగితం బదులు గుడ్డ మీద గరుకు అంటించిన ఎమ్రీని రిబ్బన్‌లా చించి, సందులోంచి అటూ ఇటూ లాగండి.