ఆది ఆంధ్రాలకున్న 3 శాతం కోటా సుప్రీం తీర్పుతో పోయిందా?

పులియంతోపు అక్క:
మా నాయనమ్మ నెల్లూరు నుంచి చెన్నై వచ్చి కార్పొరేషన్ రోడ్లు ఊడ్చింది. అమ్మదీ అదే పని. తమ్ముడు ప్లస్‌టూ పాసయ్యాడు, ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కి అప్లికేషన్ పెట్టాలి. సర్టిఫికెట్‌లో "ఆది ఆంధ్ర" అనుంది, అంటే ఎస్‌సీఏ (ఎస్‌సీల్లో అరుంధతియర్ల విడి కోటా) కిందికి వస్తాం. బ్రౌజింగ్ సెంటర్ ఆయనేమో "తీర్పొచ్చాక ఎస్‌సీఏ లేదు, ఉత్త ఎస్‌సీ అని పెట్టు" అంటున్నాడు. నిజమేనా? రాత్రంతా నిద్ర లేదు.

వ్యాసర్‌పాడి పెద్దాయన:
అలా పెట్టకమ్మా! ఆయన తలకిందులుగా విన్నాడు. ఎస్‌సీ కోటాని కులాలవారీగా పంచే ఆంధ్రప్రదేశ్ వర్గీకరణ చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది 2004లో, చిన్నయ్య కేసులో. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల్లో ఆరుగురు ఆ తీర్పే తప్పన్నారు. మన తమిళనాడు 2009 చట్టం నిలబడింది. 18 శాతం ఎస్‌సీ కోటాలో 3 అరుంధతియర్లకి. మాదిగ, పగడై, తోటి, ఆది ఆంధ్ర అందరూ అందులోనే. ఆ సీట్లు నిండినా మార్కులున్న మన పిల్లలు మిగతా ఎస్‌సీ సీట్లకి పోటీ పడొచ్చు.

మా పెద్దాడు 2007లో ప్లస్‌టూ రాశాడు, ఇంజనీరింగ్ సీటు రాలేదు. చిన్నదానికి 2010లో సివిల్ వచ్చింది. ఇద్దరి మార్కులూ ఇంచుమించు ఒకటే. ఆ మధ్యలో వచ్చింది చట్టమొక్కటే.

తరమణి నుంచి:
దీనివల్ల ఎస్‌సీలు చీలిపోతారని నా భయం పెద్దాయనా. మాలా మాదిగా అని కొట్టుకున్నది చాలదా?

వ్యాసర్‌పాడి పెద్దాయన:
నీ భయం నాకూ ఉంది బాబూ. కానీ కాలేజీ గేటు దాకా రాని పిల్లల్ని లెక్కపెట్టేదెవరు?

కాలిఫోర్నియాలో నాలుగేళ్ళు:
అక్కడ జరిగింది చెప్తా. 1996లో జనం ఓటేసి, ప్రభుత్వ యూనివర్సిటీలు అడ్మిషన్లలో జాతి చూడకూడదన్నారు. 2006లో యూసీఎల్‌ఏలో (లాస్ ఏంజెలెస్‌లోని ప్రభుత్వ యూనివర్సిటీ) చేరతామన్న దాదాపు 4,800 మంది కొత్త పిల్లల్లో నల్లవాళ్ళు 96 మంది. లాస్ ఏంజెలెస్ లాంటి ఊళ్ళో! 2023లో హార్వర్డ్, నార్త్ కరోలినా కేసుల్లో అక్కడి సుప్రీంకోర్టు దేశమంతా అదే దారి పట్టించింది. ఆ 96 గుర్తొస్తే మన 3 ఎంత విలువైనదో తెలుస్తుంది.

పులియంతోపు అక్క:
ఎస్‌సీఏ అనే పెట్టానండీ. అమ్మ డ్యూటీ నుంచి రాగానే మీ పిల్లల సంగతి చెప్పాను, కళ్ళు తుడుచుకుంది. మీ పెద్దబ్బాయి ఇప్పుడేం చేస్తున్నారు?

వ్యాసర్‌పాడి పెద్దాయన:
అంబత్తూరులో లేత్ పని. లెక్కలు ఇప్పటికీ బాగా చెప్తాడు. తమ్ముణ్ణి ఆదివారం మా ఇంటికి పంపు.