పాత పీహెచ్‌పీ ప్రాజెక్టు: రిక్వైర్ లైన్లు ఉంచాలా, ఆటోలోడ్‌కి మారాలా?

గోదారిగట్టు:
పీహెచ్‌పీ అనే వెబ్ భాషలో రాసిన ఓ షాపు బిల్లింగ్ కోడ్ నా చేతికొచ్చింది. ఇండెక్స్ ఫైలు తెరిస్తే పైనే 63 రిక్వైర్_వన్స్ లైన్లు, అంటే వేరే ఫైళ్లను లోడ్ చేసే లైన్లు. వరస మార్చామంటే అంతే సంగతులు, తల్లి క్లాసు (క్లాసంటే పేరున్న కోడ్ ముక్క) మీద ఆధారపడ్డ పిల్ల క్లాసు దానికంటే ముందొచ్చి ఎర్రర్ కొడుతుంది. టీమ్‌లో కొత్తగా చేరినమ్మాయి లైబ్రరీలు తెచ్చిపెట్టే కంపోజర్ టూల్‌తో ఆటోలోడ్ పెట్టేద్దాం, ఏ క్లాసు కావాలంటే దాని ఫైలు అప్పుడే దానంతటదే వస్తుంది అంటోంది. నడుస్తున్నదాన్ని కెలకడమెందుకని మా లీడ్. మీరేమంటారు?

పాతకాపు:
మీ లీడ్ మాటే నాదీ. ఆ లైన్లు చదివితే ఏ ఫైలు ఎప్పుడొస్తుందో కళ్లకు కనిపిస్తుంది. ఆటోలోడ్ పెట్టాక క్లాసు ఎక్కణ్ణుంచి ఊడిపడిందో వెతుక్కోవాలి. పైగా 2004లో పీహెచ్‌పీ 5తో వచ్చిన __ఆటోలోడ్ అనే ఫంక్షన్ని నమ్ముకున్నాం. 7.2లో వద్దన్నారు, 8.0లో పీకేశారు. రిక్వైర్‌కి ఆ గొడవ లేదు.

రాత్రిపూట_డిప్లాయ్:
అన్నా, పీకేసింది ఆ ఒక్క ఫంక్షన్నే. దాన్ని ప్రాజెక్టు మొత్తానికి ఒక్కసారే రాయగలిగేవాళ్లం, రెండు లైబ్రరీలు చెరొకటి రాసుకుంటే కొట్టుకునేవి. 5.1లో వచ్చిన ఎస్‌పీఎల్_ఆటోలోడ్_రిజిస్టర్ ఇప్పటికీ ఉంది. తెలియని క్లాసు తగిలితే పీహెచ్‌పీ ఆ పేరు పట్టుకుని, మనం వరసలో పెట్టిన ఫంక్షన్లను ఒక్కొక్కటే అడుగుతుంది. క్లాసు పేర్లనీ ఫైళ్లనీ ముడిపెట్టే పీఎస్‌ఆర్-4 పద్ధతిలో నేమ్‌స్పేస్ (క్లాసుకి ఇంటిపేరు లాంటిది) ఫోల్డరవుతుంది, క్లాసు పేరు ఫైలు పేరవుతుంది. ఎక్కణ్ణుంచి వచ్చిందో పేరులోనే ఉంది కదా!

పాతకాపు:
విండోస్‌లో ఉంటుంది తమ్ముడూ. మావాడు 'ఆర్డర్ఐటమ్' క్లాసులో 'ఐ'కి పెద్దక్షరం పెట్టి, ఫైలు పేరులో చిన్నక్షరం పెట్టాడు. ల్యాప్‌టాప్‌లో హాయిగా నడిచింది. శుక్రవారం సాయంత్రం పెద్దక్షరం, చిన్నక్షరం వేరుగా చూసే లైనక్స్ సర్వర్‌కి ఎక్కించాం, పేజీ తెల్లబోయింది. ఫైలు పేరు సరిచేసి మళ్లీ పంపితే, కోడ్ మార్పుల లెక్క చూసే గిట్ పట్టించుకోలేదు, విండోస్‌లో దానికి రెండు పేర్లూ ఒకటేగా. గిట్‌లోనే పేరు మార్చే గిట్ ఎంవీ కమాండ్ కొట్టాక గానీ టెన్షన్ తీరలేదు.

రాత్రిపూట_డిప్లాయ్:
చేత్తో రాసిన రిక్వైర్‌లో అదే తప్పు చేసినా లైనక్స్ అలాగే తిట్టేది.

స్లో_క్వెరీ:
మధ్యలో దూరుతున్నా. లాగిన్ పేజీ తెరవడానికి జీఎస్‌టీ రిపోర్టు క్లాసెందుకు? ఆ 63 ఫైళ్లూ ప్రతి రిక్వెస్టుకీ వస్తున్నాయి. కంపోజర్‌లో డంప్-ఆటోలోడ్ -ఓ కొడితే ఏ క్లాసు ఏ ఫైల్లో ఉందో జాబితా తయారవుతుంది, సర్వర్‌లో ఫోల్డర్లు తడమక్కర్లేదు. అయితే ఆటోలోడ్ క్లాసులకే, విడి ఫంక్షన్లకు కాదు. వాటి ఫైలును కంపోజర్‌లో 'ఫైల్స్' కింద రాస్తే ప్రతిసారీ లోడవుతుంది.

ఇంకోటి, ఆ కోడ్‌లో ఎవరో చేత్తో రాసిన పాత ఆటోలోడర్ ఉందేమో చూడండి. ఫైలుందో లేదో చూడకుండా నేరుగా రిక్వైర్ చేసే రకమైతే, క్లాస్_ఎగ్జిస్ట్స్ (ఈ క్లాసుందా?) అని ఊరికే అడిగినా ప్రోగ్రామ్ అక్కడే చచ్చిపోతుంది. నాకు తెలియదని తప్పుకోవడం ఆ ఆటోలోడర్‌కి రాదు.

గోదారిగట్టు:
అది లేదు గానీ ఇంకో తలనొప్పి దొరికింది. 'డేటాబేస్' పేరుతో రెండు క్లాసులు! అడ్మిన్ పేజీలు ఒకదాన్ని, మిగతావి రెండోదాన్ని రిక్వైర్ చేస్తున్నాయి.

పాతకాపు:
చెప్పానా!

రాత్రిపూట_డిప్లాయ్:
అది ఇన్నాళ్లూ దాక్కున్నది ఆ రిక్వైర్ల చాటునే అన్నా. గోదారిగట్టు గారూ, రెండింటికీ వేరే నేమ్‌స్పేస్‌లు ఇవ్వండి. కంపోజర్ ఆటోలోడ్ లైను పైన పెట్టి, ఒక్కో ఫోల్డర్ మారుస్తూ కింద లైన్లు కొట్టేసుకుంటూ రండి. అప్పటిదాకా రెండూ పక్కపక్కనే బతుకుతాయి.

గోదారిగట్టు:
లీడ్ సరేనన్నారు, డేటాబేస్ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లొద్దన్నారు. ఇవాళ రిపోర్ట్స్ ఫోల్డర్ మార్చాం. 63 లైన్లు 52 అయ్యాయి.