సీటు మధ్యలో వదిలేసి వేరే పదవికి పోయే ఎమ్మెల్యేలను కట్టడి చెయ్యాలా వద్దా? మన తిరుపతి లెక్క చూసి చెప్పండి

గాంధీరోడ్డు శీను:
అన్నలకు అక్కలకు నమస్కారం. నిన్న టీ అంగడి కాడ ఒక పెద్దాయనతో మాటా మాటా పెరిగింది, ఇంటికొచ్చినా బుర్రలో అదే తిరుగుతా ఉంది, అందుకే ఇక్కడ పెడతా ఉండా. ఆయన మాటేందంటే ఎమ్మెల్యే అన్నాక పైకి పోవాలనుకుంటాడు, ఢిల్లీకి పోతే ఊరికే మంచిది, బై ఎలక్షన్ వస్తే వచ్చిందిలే అని. నా మాట, ఐదేళ్లకని చెయ్యి జోడించి ఓటు అడిగి సగంలో ఇంకో కుర్చీ కోసం రాజీనామా చెయ్యడం తప్పు, దానికి ఏదో ఒక బరువు ఆ మనిషి మీద పడాలి.

మన ఊరి లెక్క చూడండి. 2009లో చిరంజీవి గారు పాలకొల్లు, తిరుపతి రెండు చోట్లా నిలబడి అక్కడ ఓడి ఇక్కడ గెలిచినారు. 2012లో రాజ్యసభకు పోయినారు, సీటు ఖాళీ, జూన్ 12న మళ్లీ పోలింగ్, భూమన కరుణాకర్ రెడ్డి గారు గెలిచినారు. 2014లో మామూలు ఎలక్షన్, వెంకటరమణ గారు వచ్చినారు. పాపం ఆయన ఆ డిసెంబర్‌లోనే పోయినారు, 2015 ఫిబ్రవరిలో మళ్లీ ఓటు, సుగుణమ్మ గారు. ఆరేళ్లు నిండకముందే అసెంబ్లీకి నాలుగు సార్లు క్యూలో నిలబడినాం. మనిషి చనిపోతే ఎవురూ ఏమీ చెయ్యలేరు, అది వేరే సంగతి. నేను అడిగేది ఇష్టపడి వదిలేసే సీట్ల గురించి.

మామిడితోట (చిత్తూరు):
శీనూ, నువ్వు చెప్పినంత సులభం కాదు నాయనా. ఎమ్మెల్యేని ఐదేళ్లు కట్టేస్తే రాజ్యసభకు, లోక్‌సభకు ఎవురు పోతారు? డబ్బున్నోళ్లు, కింద ఏ పనీ చెయ్యకుండా నేరుగా పైకి పోయేవాళ్లు. కింద నుంచి వచ్చినోడికి నియోజకవర్గం సంగతి తెలిసుంటాది. చట్టంలో కూడా రెండు కుర్చీల్లో కూర్చోనియ్యడం లేదు కదా. 1950 నాటి రూల్ ఉంది, పార్లమెంటుకి ఎన్నికైనట్టు గెజిట్‌లో వచ్చిన 14 రోజుల్లోపల రాష్ట్రంలో సీటు వదలకపోతే పార్లమెంటు సీటే పోతాది. అంటే వదలమని చట్టమే చెప్తా ఉంటే వదిలినాడని మనిషిని తప్పు పట్టేది ఎట్ల?

ఇంగో సంగతి. ఇప్పుడు మీ ఎమ్మెల్యే ఆరణి శ్రీనివాసులు గారు 2019లో మా చిత్తూరులో గెలిచినాయనే. టర్మ్ ముగిసే టైముకి పార్టీ మారి 2024లో మీ దగ్గర నిలబడి గెలిచినారు. ఊరు మారినందుకు మాకు బై ఎలక్షన్ పడలే. కాబట్టి తప్పు పదవి మారడంలో లేదు, ఎప్పుడు మారినాడు అనేదాంట్లో ఉంది.

గాంధీరోడ్డు శీను:
మామిడితోట అన్నా, చివర్లో నువ్వన్నదే నేను కూడా చెప్తా ఉండేది! టర్మ్ అయిపోయినాక యాడికన్నా పో, నాకేం అభ్యంతరం లేదు. 14 రోజుల రూల్ రెండూ పట్టుకోవద్దు అంటాది గానీ, మధ్యలో పోవద్దు అని యాడా లేదు, అదే లోటు.

సియాటెల్ సీమ:
నేను పుట్టి పెరిగింది తిరుచానూరు రోడ్డులో, ఇప్పుడు వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్నా. ఇక్కడ రాష్ట్ర చట్టసభ మెంబర్లు ఇట్లనే మధ్యలో కౌంటీ పదవులకో కాంగ్రెస్‌కో పోతా ఉంటారు. వెంటనే ఎలక్షన్ పెట్టరు. ఖాళీ చేసిన మనిషి ఏ పార్టీయో ఆ పార్టీ మూడు పేర్లు పంపిస్తాది, కౌంటీ వాళ్లు అందులో ఒకర్ని కూర్చోబెడతారు, తర్వాత వచ్చే మామూలు ఎన్నికలో జనం తేలుస్తారు. ఖర్చు తక్కువ, సీటు ఎక్కువ రోజులు ఖాళీగా ఉండదు. ఫ్లోరిడాలో అయితే ఇంకా గట్టి చట్టం, ఉన్న పదవికి రాజీనామా లెటర్ ముందే ఇచ్చి తర్వాత వేరేదానికి పోటీ చెయ్యాలి. ఓడిపోతే రెండూ లేవు. మనకి ఈ రెండో పద్ధతి బాగుంటుందేమో ఆలోచించండి.

కపిలతీర్థం వాణి:
సియాటెల్ అన్నా, మూడు పేర్ల పద్ధతి మన ఊరికి పెట్టి చూడు. 2009లో తిరుపతి గెలిపించింది ప్రజారాజ్యాన్ని. 2011లో ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. 2012లో సీటు ఖాళీ అయ్యేసరికి మనం ఓటేసిన పార్టీ గుర్తే లేదు, మూడు పేర్లు ఎవురియ్యాల? కాంగ్రెస్ వాళ్లు ఇస్తే కాంగ్రెస్ మనిషే కూర్చునేవాడు. కానీ జనాన్ని అడిగితే ఏం చెప్పినారు? 2009లో కాంగ్రెస్ తరఫున ఇక్కడే ఓడిపోయిన భూమన గారిని వైఎస్సార్ కాంగ్రెస్ గుర్తు మీద గెలిపించినారు. ఆ రోజు రాష్ట్రంలో 18 సీట్లకి పోలింగ్ జరిగితే 15 ఆ పార్టీకే పోయినాయి. జనం మనసు అంత మారి ఉంటే పాత పార్టీ చేతికి సీటు ఇవ్వడం అన్యాయం. నాలుగు సార్లు కాదు, అవసరమైతే ఐదు సార్లు నిలబడతా, ఓటు మాత్రం నా దగ్గరే ఉండాల.

నాకు అసలు కోపం వచ్చేది ఎలక్షన్ పెట్టినందుకు కాదు, పెట్టనందుకు. మన తిరుపతి ఎంపీ సీటు గుర్తుందా? 2018లో ప్రత్యేక హోదా కోసమని ఐదుగురు ఎంపీలు రాజీనామా చేసినారు, అందులో మన వరప్రసాద్ గారు, రాజంపేట మిథున్ రెడ్డి గారు ఉండారు. జూన్‌లో ఆమోదించినారు, టర్మ్ ఇంకా ఏడాది కూడా లేదు కాబట్టి బై ఎలక్షన్ అక్కర్లేదన్నారు. ప్రజాప్రాతినిధ్య చట్టం 151ఏ సెక్షన్‌లో ఆర్నెల్లలో ఎన్నిక పెట్టాలని ఉన్నా ఏడాది లోపు మిగిలితే వద్దని కూడా ఉంది. అట్ల పదకొండు నెలలు లోక్‌సభలో తిరుపతి పేరు పలికేవాళ్లు లేరు. మళ్లీ 2020 సెప్టెంబర్‌లో మన ఎంపీ బల్లి దుర్గాప్రసాద్ గారు చనిపోయినారు, అప్పుడు కరోనా, 2021 ఏప్రిల్ 17 దాకా పోలింగే లేదు. మూడేళ్లలో రెండు సార్లు సీటు ఖాళీ! నాలుగు సార్లు ఓటేసినామని బాధ పడతావు కదా తమ్ముడూ, దీనికి ఎంత బాధపడాల?

గాంధీరోడ్డు శీను:
వాణక్కా, నిజం చెప్పాలంటే ఎంపీ సీటు సంగతి నాకు తట్టనే లేదు. మూడు పేర్ల పద్ధతి నాకూ వద్దు. మరి ఖర్చు?

రిటైర్డ్ టీచర్ (ఎలక్షన్ డ్యూటీ):
నేను పోలింగ్ డ్యూటీలు చాలా చేసినా. బై ఎలక్షన్ అయినా పని అంతే, ముందు రోజు మిషన్లు తీసుకుని బూత్‌కి పోవడం, రాత్రి ఆ బడి గదిలోనే పడుకోవడం, మాక్ పోల్, సాయంత్రం సీళ్లు వేసి తిరిగి అప్పజెప్పేసరికి అర్ధరాత్రి. పిల్లలకి క్లాసులు పోతాయి, కోడ్ ఉన్నన్నాళ్లూ కొత్త పనులు మొదలవ్వవు.

ఖర్చు సంగతికి వస్తే, 2004లోనే ఎన్నికల సంఘం చెప్పింది, ఒకరు ఒక సీటుకే పోటీ చెయ్యాల, కాదంటే రెండు గెలిచి ఒకటి వదిలేసేవాళ్ల దగ్గర అసెంబ్లీకి 5 లక్షలు, లోక్‌సభకి 10 లక్షలు కట్టించండి అని. 2015లో లా కమిషన్ 255వ రిపోర్టులో కూడా ఒక మనిషికి ఒక సీటే అన్నారు. పార్లమెంటు ముట్టుకోలేదు. 2023లో సుప్రీంకోర్టుకి పోతే అది పార్లమెంటు చూసుకోవాల్సిన పని అని పిటిషన్ కొట్టేసినారు. 1996 దాకా ఎన్ని చోట్లయినా నిలబడొచ్చు, ఎన్టీఆర్ గారు 1985లో మూడు చోట్ల గెలిచి హిందూపురం ఉంచుకున్నారు. 1996లో రెండుకి తగ్గించినారు. రెండు నుంచి ఒకటికి రావడానికి ఇన్నేళ్లా?

మామిడితోట (చిత్తూరు):
సార్, 5 లక్షలు కట్టేది ఆ స్థాయి వాళ్లకి లెక్కే కాదు. పైగా డబ్బు కట్టేస్తే తప్పు తీరిపోయినట్టు అవతాది. నేను ముందు అడ్డం మాట్లాడినా గానీ ఫ్లోరిడా పద్ధతి అయితే ఒప్పుకుంటా, ముందు రాజీనామా తర్వాత నామినేషన్. ఓడితే ఇంట్లో కూర్చుంటాడు, ఆ భయం ఉంటే ఊరికే లేచి పోడు. రాజ్యసభకు మాత్రం ఇది పనికిరాదు, అక్కడ గెలుపు పార్టీ బలంతో ముందే ఖాయమైపోతాది కదా.

కపిలతీర్థం వాణి:
ఎమ్మెల్యే సీటుకి ఆర్నెల్ల గడువన్నా ఉంది. మన కార్పొరేషన్ 2007లో అయింది, మొదటి ఎలక్షన్ 2021 మార్చిలో. పద్నాలుగేళ్లు కార్పొరేటర్ లేకుండా ప్రత్యేకాధికారుల పాలనలో బతికినాం. వీధి దీపం ఎలగకపోతే ఎవురిని అడగాలో తెలీని ఊరు ఇది, ఎమ్మెల్యే యాడికి పోయినాడని కొట్లాడుకుంటా ఉండాం. ఖాళీ అంటే అన్ని ఖాళీలూ లెక్క పెట్టండి.

గాంధీరోడ్డు శీను:
అక్కా ఒప్పుకుంటా. అయితే నా డిమాండ్ మారుస్తా ఉండా: మధ్యలో వదిలితే ఆ టర్మ్ ముగిసేదాకా ఏ సభకీ పోకూడదు, రాజ్యసభతో సహా. ఖాళీ అయిన ప్రతి సీటుకి, పంచాయతీ వార్డు నుంచి ఎంపీ దాకా, గడువు లోపల ఎన్నిక, ఏడాది లోపు మిగిలినా సరే. మామిడితోట అన్నా, రాజ్యసభకి నువ్వు పనికిరాదన్న చోట ఇది పనికొస్తాదా లేదా?

మామిడితోట (చిత్తూరు):
పనికొస్తాది. కానీ ఏడాది లోపు మిగిలినా ఎలక్షన్ అనేదానికి మాత్రం నేను ఒప్పుకోను, నాలుగు నెలలకి గెలిచినోడు ఏం చేస్తాడు శీనూ? టీచర్ సార్‌ని అడుగు.

రిటైర్డ్ టీచర్ (ఎలక్షన్ డ్యూటీ):
నాలుగు నెలలకి వద్దు. పదకొండు నెలలకి మాత్రం పెట్టాల్సిందే, నేను డ్యూటీకి వచ్చేవాణ్ణి.