"ఇండియన్ పిట్టా"ని తెలుగులో ఏమని రాయాలి?

పోస్టు:
అందరికీ నమస్కారం. పక్షుల మీద ఒక చిన్న వ్యాసం తెలుగు చేస్తున్నాను, అందులో "ఇండియన్ పిట్టా" అని ఒకటి తగిలింది. ముందు చకచకా "భారతీయ పిట్ట" అని రాసేశాను, తర్వాత చదువుకుంటే నాకే నవ్వొచ్చింది, ఆ లెక్కన పిచ్చుక కూడా భారతీయ పిట్టే కదా. ఫోటోలో ఆకుపచ్చ వీపు, రెక్క మీద మెరిసే నీలం మచ్చ, కంటి మీదుగా నల్లటి పట్టీ, పొట్ట కింద కుంకుమ ఎరుపు, తోకేమో ఎవరో కత్తిరించేసినట్టు ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళకి చూపిస్తే లకుముకి పిట్ట అన్నారు. దీనికి మన పేరంటూ ఉందా?

జవాబు:
ఉందండీ, పొన్నంకి పిట్ట. ఇంకో తమాషా ఏమిటంటే ఇంగ్లీషువాళ్ళ "పిట్టా" మన దగ్గర్నుంచి వెళ్ళిందే. 1766లో, జీవులకి శాస్త్రీయ నామాలు పెట్టిన లినేయస్ దీన్ని కాకుల్లో కలిపేసి "కోర్వస్ బ్రాకియూరస్" అన్నాడు, అంటే పొట్టితోక కాకి! (ఇన్ని రంగులు పెట్టుకుని కాకి అనిపించుకోవడం దాని ఖర్మ.) 1816లో వియెయో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వీటిని విడదీసి "పిట్టా" అని పేరు పెట్టాడు, అది అచ్చంగా తెలుగు పిట్టే. ఎవరో దొర వేలు పెట్టి చూపించి "ఇదేంటి" అంటే పక్కనున్న మనవాడు "పిట్టండీ" అని ఊరుకుని ఉంటాడని నా ఊహ, ఊహ మాత్రమే. ఇప్పుడు ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా నలభైకి పైగా జాతులు ఆ మాటనే మోస్తున్నాయి. ఇంగ్లీషులో అదొక పక్షి కుటుంబం పేరు, మనకేమో చిన్న పక్షి ఏదైనా పిట్టే. మీ "భారతీయ పిట్ట" తేలిపోయింది అందుకే.

మరొకరు:
చిన్న పక్షి అంటే ఒప్పుకోను మాస్టారూ. పాలపిట్ట సుమారు అడుగు పొడవుంటుంది, అదీ పిట్టేగా? వడ్రంగి పిట్టల్లోనూ పెద్దవి ఉన్నాయి.

జవాబు:
నిజమే, ఆ మాట సవరించుకుంటాను. పేరు చివర చేరినప్పుడు పిట్ట దాదాపు పక్షి అన్న అర్థమే ఇస్తుంది. పేరు ముందు చేరితేనే చిన్నతనం బయటపడుతుంది, పిట్టగోడ, పిట్టకథ చూడండి. నెమలిని మాత్రం ఎవరూ పిట్ట అనరు, అక్కడ హద్దు మనకి తెలియకుండానే తెలుసు.

మరొకరు:
లకుముకి సంగతి చెప్తాను, ఫోటోలో నీలం కనిపించగానే చాలామంది అక్కడే పొరబడతారు. రంగుని కాసేపు పక్కన పెట్టి అది ఎక్కడ నిలబడి ఉందో చూడండి. లకుముకి నీటి పక్కన కొమ్మ మీదో తీగ మీదో కూర్చుంటుంది, ముక్కు బాకులా పొడుగు, కాళ్ళు ఉన్నాయా అన్నట్టుంటాయి. పొన్నంకికి నేలే ఇల్లు. పొదల కింద, నీడలో, రాలిన ఆకుల మీద గెంతుతూ ముక్కుతో ఒక ఎండుటాకుని పక్కకి విసిరి, ఆగి, కింద పురుగుందేమో చూసి, మళ్ళీ రెండు గెంతులు. ఆ పొట్టి తోకని మెల్లగా పైకీ కిందకీ ఆడిస్తుంటుంది. కాళ్ళు పొడుగ్గా, గట్టిగా ఉంటాయి, నేల మీద తిరిగేదానికి ఉండాల్సిన కాళ్ళు. మొత్తం పొడవు 19 సెంటీమీటర్లే, గోరింక కంటే చిన్నది. అన్ని రంగులున్నా ఆకుల చప్పుడు వినిపించాకే కంటికి ఆనుతుంది. అదిరితే ఎగిరి కొమ్మెక్కుతుంది, రాత్రి పడక కూడా చెట్టు మీదే.

మరొకరు:
అసలు దాన్ని చూసినవాళ్ళ కంటే విన్నవాళ్ళే ఎక్కువ. తెల్లవారుతుంటే ఒకసారి, పొద్దు గుంకుతుంటే ఒకసారి, రెండు స్వరాల ఈల గట్టిగా వేస్తుంది, ఒకటి అంటే ఇంకోటి దూరం నుంచి అందుకుంటుంది. తమిళులు అందుకే దాన్ని ఆరుమణి కురువి అన్నారు, ఆరు గంటల పిట్ట. హిందీలో నౌరంగ్, తొమ్మిది రంగులది. ఒకరు చెవితో పేరు పెడితే ఇంకొకరు కంటితో పెట్టారు, నాకు తమిళుల పేరే నచ్చింది. మనవాళ్ళు "పిట్ట కొంచెం, కూత ఘనం" అన్నది దీన్ని విని అనలేదు గానీ, అన్నట్టే ఉంటుంది.
మీ వ్యాసంలో దీన్ని పాటల పక్షి అని మాత్రం రాయకండి. వర్గీకరణలో అసలు పాటపక్షులు వేరే శాఖ, పిట్టాలు వాటికి దాయాదులు. కూతే తప్ప పాట లేదు.

అడిగినవారు:
అయ్యో, "పాడే పక్షి" అని రాసేశాను, ఇప్పుడే కొట్టేస్తున్నా. ఇంకొక్కటి, మూలంలో "దక్షిణాదికి చలికాలపు అతిథి" అని ఉంది. మరి అతిథికి మన పేరెలా వచ్చింది?

జవాబు:
ఏటా వచ్చే చుట్టానికి పేరుండదా అండీ! వానాకాలంలో హిమాలయాల దిగువ కొండలు, మధ్య భారతం, పడమటి కనుమల్లో పిల్లల్ని చేస్తుంది, నేల మీదో తక్కువ ఎత్తు కొమ్మల్లోనో పుల్లలతో గుండ్రటి గూడు. చలికాలానికి దక్షిణాదికి, శ్రీలంకకి దిగుతుంది. అలా వచ్చేటప్పుడు అలసిపోయి ఇళ్ళలోకి, వరండాల్లోకి వచ్చి పడుతుంటాయి, అడవి మొహం చూడనివాళ్ళకి కూడా చేతికి అందేది అప్పుడే. కాబట్టి "అతిథి" ఉంచండి, "అరుదైన" అని మాత్రం చేర్చకండి.

అడిగినవారు:
సరే, "పొన్నంకి పిట్ట" అని రాసి, మొదటిసారి వచ్చినచోట "ఇంగ్లీషులో ఇండియన్ పిట్టా" అని పక్కన పెడుతున్నా. ఇంట్లోవాళ్ళని ఒప్పించడం మీ వల్ల కూడా కాదు, వాళ్ళకది లకుముకే.