మేడ మీద గాలికోడి: వైజాగ్ ఉప్పుగాలికి ఏది నిలుస్తుంది?

కడలిగట్టు: ఎంవీపీ కాలనీ, మూడంతస్తుల మేడ. పిట్టగోడకి కట్టిన గాలికోడి (గాలి దిక్కు చూపే కోడిబొమ్మ) గిరగిరా తిరుగుతోందే గానీ ఒక దిక్కున నిలబడదు. పైగా కీచుమంటోంది. లోపం ఎక్కడ?

గాలిలెక్క: పిట్టగోడే లోపం. గోడకి తగిలిన గాలి పైకి లేచి అక్కడే సుడి తిరుగుతుంది. వాతావరణ కేంద్రాల్లో 10 మీటర్ల ఎత్తున, అడ్డంకి ఎత్తుకి కనీసం 10 రెట్ల దూరాన పెడతారు. ఊళ్లో అది అయ్యే పని కాదు. మెట్లగది గోడకి రెండు క్లాంపులతో పైపు బిగించి, వాటర్ ట్యాంకు కన్నా 2 మీటర్లు పైకి లేపండి. స్లాబుకి మాత్రం కన్నాలు వేయకండి, వానాకాలం కింద గది కారుతుంది.

వెల్డింగ్ బాబాయ్: కీచు బేరింగుది. రబ్బరు సీలున్న 6001 నంబరు బేరింగు వేయండి, లోపలి రంధ్రం 12 మి.మీ. ఇంకా చవకైన దారి ఉంది: 12 మి.మీ. రాడ్డు కొసన ఉక్కు గుండు పెట్టి, పైన మూత వేసిన పైపుని దాని మీద బోర్లించడం. వాననీరు దిగదు. కింద అడ్డుపిన్ను మరిచిపోతే పెనుగాలికి కోడి నిజంగానే ఎగురుతుంది! బీచ్ దగ్గర 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుకి టీ మరకల్లాంటి తుప్పు పడుతుంది, 316 రకం అడగండి. ఇత్తడి బొమ్మని జీఐ (జింకు పూత ఇనుప) పైపుకి నేరుగా తగిలిస్తే పైపు మీది జింకుని తుప్పు తినేస్తుంది. మధ్యలో నైలాన్ వాషరు వేయాలి.

కడలిగట్టు: బాబాయ్, కోడి బదులు వంజరం చేప బొమ్మ పెట్టొచ్చా?

వెల్డింగ్ బాబాయ్: భేషుగ్గా. కానీ ఇరుసు చేప నడుం దగ్గర పెడితే గాలికి అడ్డంగా నిలిచిపోతుంది. మూతి నుంచి మూడో వంతులో పెట్టి, మూతిలో నట్లు వెల్డ్ చేసి బరువు సరిచేయండి. ఇరుసు చోట దారం కట్టి వేలాడదీస్తే అడ్డంగా సమంగా ఉండాలి. గాలి లేనప్పుడు కూడా ఎప్పుడూ ఒకే వైపు వచ్చి ఆగుతోందంటే తూకం తప్పినట్టే. ఇంకోటి, దిక్కుల అక్షరాల్లో 'ప' తలకట్టు విడిగా ఉంటుంది. లేజర్ కటింగ్‌లో ఊడి కింద పడుతుంది, అక్షరానికీ తలకట్టుకీ మధ్య 3 మి.మీ. వంతెన (కలిపే పట్టీ) వదలమనండి.

ధ్రువతార: ఉత్తరం పట్టడానికి దిక్సూచిని ఇనుప పైపు పక్కన పెట్టకండి, ముల్లు అటు లాగేస్తుంది. మధ్యాహ్నం నిలువు కర్ర నీడ అతి పొట్టిగా ఉన్నప్పుడు దాని వెంట గీత గీయడం మేలు, నీడ కొస ఉత్తరం చూపుతుంది. అయితే మే రెండో వారం నుంచి జూలై ఆఖరు దాకా మన దగ్గర ఆ నీడ దక్షిణానికి పడుతుంది, అదీ జానెడే. అప్పుడు పనికిరాదు.

గాలిలెక్క: చదవడంలోనూ పొరబడతారు. మూతి చూపేది గాలి వచ్చే దిక్కు. ఫ్యాక్టరీల్లో కట్టే గాలిసంచి తోక చూపేది గాలి పోయే దిక్కు. గ్యాసు లీకైతే ఆ తోక వైపు పరుగెత్తకూడదు, గాలికి అడ్డంగా తప్పుకోవాలి. పార్టీలు మారేవాళ్లని గాలికోడి అనడం కోడికి అన్యాయం. అది గాలికి ఎదురు నిలుస్తుంది, వాళ్లు సంచి బాపతు.

కడలిగట్టు: తుపాను వస్తే?

ధ్రువతార: గాలికి ఎదురుగా నిలబడితే తుపాను కేంద్రం సుమారుగా మీ కుడిచేతి వైపు ఉంటుంది. మూతి ఈశాన్యం చూపుతుంటే కేంద్రం ఆగ్నేయాన, సముద్రంలో ఉన్నట్టు.

వెల్డింగ్ బాబాయ్: అదంతా ముందురోజు చూసుకోండి. పోర్టులో 3వ నంబరు హెచ్చరిక పెట్టగానే పిన్ను లాగి బొమ్మ దించేయండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలి గంటకి 180 కి.మీ. దాటింది. ఆ గాలికి ఊడిన రేకు ఎవరి కిటికీలో దిగుతుందో చెప్పలేం.