అప్‌డేట్: పన్నెండో డాక్టర్ ముఖం వెనక కారణం తెలిసింది

'డాక్టర్ హూ' అనే బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ టీవీ సీరియల్లో హీరో పేరే డాక్టర్; చనిపోయే స్థితిలో కొత్త ముఖంతో మారిపోతాడు, నటుడూ మారతాడు. అందులో 2008 నాటి పాంపే (ప్రాచీన రోమన్ నగరం) ఎపిసోడ్‌లో పాలరాతి వ్యాపారి కేసిలియస్‌గా చేసిన పీటర్ కపాల్డీయే తర్వాత పన్నెండో డాక్టర్ అయ్యాడు కదా, దానికి కథలో కారణం ఉందా అని ఇంతకుముందు అడిగాను. 2015లో వచ్చిన 'ది గర్ల్ హూ డైడ్' ఎపిసోడ్ చూడమన్నారు. నిన్న రాత్రి చూశాను. ఉంది!

పాంపేలో అగ్నిపర్వతం పేలినప్పుడు, అప్పటి డాక్టర్‌తో కలిసి ప్రయాణించే డోనా ఏడ్చి బతిమాలితేనే అతను వెనక్కి వచ్చి కేసిలియస్ కుటుంబాన్ని కాపాడాడు. మనుషుల్ని కాపాడటమే తన పని అని గుర్తుండాలనే ఆ ముఖం ఎంచుకున్నాడట. అది గ్రహించాక చనిపోయిన వైకింగ్ అమ్మాయి ఆషిల్డర్‌ను బతికిస్తాడు. అక్కడ నాకు కన్నీళ్లు ఆగలేదు.

అన్నట్టు, పాంపేలో సోదె చెప్పే అమ్మాయి కరెన్ గిలన్! ఆమే 2010లో డాక్టర్ తోడు పాత్ర ఎమీ పాండ్‌గా వచ్చింది. చూడమన్న అందరికీ చాలా థ్యాంక్స్.